ఉబ్బిన చోట చిత్రిక పట్టకండి

ప్రశ్న: మాది వడ్రంగుల ఇల్లు. నేను ఉద్యోగంలో పడ్డాను కానీ నాన్నగారి పనిముట్లు నా దగ్గరే ఉన్నాయి. పొలం గట్టు మీద కొట్టేసిన తడ చెట్టు నుంచి ఒక నిటారు ముక్క దొరికితే దాన్ని చీల్చి, ఎనిమిది నెలలు ఆరబెట్టి, అయిదున్నర అడుగుల విల్లు చేస్తున్నాను. పూర్తిగా లాగడానికి పట్టే బలం 40 పౌండ్లు రావాలని కోరిక. నారి కట్టి లాగితే పై సగం కర్రలా నిలబడుతోంది. కింది సగం మాత్రం పిడికి జానెడు దూరంలో మోచేయి మడిచినట్టు వంగుతోంది. అక్కడ ఉబ్బెత్తుగా కనిపించడంతో కొంచెం చిత్రిక పట్టాను. మడత ఇంకా పెరిగింది. అంతకుముందు చేసిన విల్లు మొదటిసారి పూర్తిగా లాగగానే రెండు ముక్కలైంది. దీన్నయినా కాపాడుకోవడం ఎలా? మా అమ్మాయికి పన్నెండేళ్లు. తనకూ ఒకటి కావాలంటోంది.
— ఒక పాఠకుడు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

సమాధానం:

ముందుగా ఆ నారి విప్పేసి, తోపడాను పెట్టెలో పెట్టేయండి. ఈ సమాధానం పూర్తిగా చదివేదాకా దాన్ని బయటికి తీయవద్దు.

మీ ఉత్తరంలో అసలు సంగతంతా “ఉబ్బెత్తుగా కనిపించడంతో” అన్న ఒక్క మాటలో ఉంది. బల్ల చేసేటప్పుడు పలక మీద ఎక్కడ ఎత్తు కనిపిస్తే అక్కడ చిత్రిక పడతాం. ఎత్తు పోతుంది, పలక చదునవుతుంది. చిన్నప్పటి నుంచి ఇంట్లో చూసిన పని కాబట్టి మీ చేయి దానంతటదే అక్కడికి వెళ్ళింది. అదే చేయి వింటి దగ్గర మోసం చేస్తుంది. లాగినప్పుడు మోచేయిలా బయటికి పొడుచుకొచ్చిన చోట చెక్క ఎక్కువై అలా కనిపించడం లేదు. చాలకనే అలా మడత పడింది. బలహీనంగా ఉన్న చోటే మీరు ఇంకాస్త తీసేశారు. వడ్రంగం తెలియనివాడు ఈ తప్పు కొంచెం నెమ్మదిగా చేసేవాడు, తోపడా అంత పదునుగా ఉండదు కాబట్టి!

బల్లలో లోపాన్ని లోపమున్న చోటే సరిచేస్తాం. వింటిలో ఆ ఒక్క చోటు వదిలేసి మిగతా అన్నిచోట్లా సరిచేయాలి. మడత పడిన చోటికి బలం తెచ్చిపెట్టలేం. చుట్టూ ఉన్న చెక్కను దానితో సమానంగా వంగేలా పలచన చేస్తాం. అంటే మీ వింటి బలం ఎంతన్నది ఇప్పుడు ఆ బలహీనమైన అయిదారు అంగుళాలే తేలుస్తాయి. 40 పౌండ్ల మీద ఆశ వదులుకోండి. 25, 30 మధ్య ఎక్కడో ఆగవచ్చు. ఆ మాటకు ఒప్పుకుంటే ఈ విల్లు బతుకుతుంది.

ఇక్కడి నుంచి వాడబోయే మాటలు ముందే చెప్పేస్తాను. పిడికి పైన, కింద ఉండే భాగాలను ఆర్చరీ మైదానంలో లింబ్‌లు అంటారు. కావడిబద్ద అనే మాట మనకు ఎటూ ఉంది కనుక నేను పై బద్ద, కింది బద్ద అంటాను. కొసల్లో నారి తగిలించే గాట్లున్న చోట్లు కొప్పులు. గురి వైపు ఉండే ముఖం బయటి వైపు, మన వైపు ఉండేది లోపలి వైపు. లాగినప్పుడు బయటి వైపు చెక్క నార సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. బయటి వైపు పొరపాటు జరిగితే విల్లు విరుగుతుంది. లోపలి వైపు పొరపాటు జరిగితే విల్లు వంగి అలాగే ఉండిపోతుంది. చెక్క తీసేది ఎప్పుడూ లోపలి వైపు నుంచి, లేదా అంచుల నుంచి మాత్రమే.

ఇప్పుడు ఆ మడత ప్రాంతాన్ని పరీక్షించండి. నారి లేకుండా, లోపలి వైపు టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకొని చూడండి. చెక్కకు అడ్డంగా, వెంట్రుకల్లాంటి సన్నని ముడతలు కనిపిస్తే అక్కడ నార నలిగిపోయినట్టు. అటువంటి విల్లు వెంటనే విరిగిపోదు కానీ దాని ఆయుష్షు తగ్గిందనే లెక్క. ఇకపై తక్కువ దూరమే లాగాలి. తరువాత బయటి వైపు ఒక దూది ఉండను మెల్లగా రుద్దుకుంటూ వెళ్ళండి. ఎక్కడైనా పోగు తగులుకుంటే అక్కడ పేడు లేస్తోందన్నమాట. అప్పుడు పని ఆపేయండి. ఆ పేడు ఏదో ఒక రోజు మొహం మీదికి వస్తుంది. జిగురు పోసి, దారం చుట్టి కాపాడేవాళ్లు ఉన్నారు కానీ, రెండో వింటికే అంత సాహసం చేయమని నేను చెప్పను.

రెండు పరీక్షల్లోనూ ఏమీ కనిపించకపోతే మీకు ఒక శుభవార్త. మీ సమస్యలో సగం, విల్లును తలకిందులు చేస్తే తీరిపోతుంది. పై బద్ద కర్రలా నిలబడుతోందన్నారు. దాన్ని కింది బద్దగా మార్చండి. పిడి ఇంకా ఆకారానికి రాలేదనుకుంటాను. వచ్చినా కొంచెం చెక్కుకుంటే సరిపోతుంది. ఇందులో కిటుకేమీ లేదు. బాణం పిడి పైనుంచి వెళ్తుంది, చేయి దాని కింద ఉంటుంది. పిడి సరిగ్గా నడిమధ్యలో ఉంటే, చేతి ఒత్తిడి పడే చోటు నుంచి కింది బద్ద కాస్త పొట్టిదవుతుంది, దాని మీద భారం ఎక్కువ పడుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు కింది బద్దను కొద్దిగా బిగువుగా ఉంచుతారు. నారి కట్టి ఉంచినప్పుడు, పిడికి సమాన దూరంలో పైన ఒకచోట, కింద ఒకచోట నారికీ బద్దకూ మధ్య ఎడం కొలిస్తే, పైన మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. మీ వింటిలో ఈ తేడా ఇంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది కాబట్టి పని తప్పదు. కానీ పోరాటం ఇకపై సరైన దిక్కున సాగుతుంది.

చెక్క ఎంత తీయాలి అన్న దగ్గర మీ చేతికి మరొక అలవాటు మాన్పించాలి. బద్ద బిగువు వెడల్పును బట్టి నేరుగా మారుతుంది. మందాన్ని బట్టి మాత్రం మందం × మందం × మందం లెక్కన, అంటే ఘనంలో మారుతుంది. మీ బద్ద వెడల్పు 40 మిల్లీమీటర్లు, మందం 16 మిల్లీమీటర్లు అనుకుందాం. వెడల్పులో ఒక మిల్లీమీటరు తీస్తే అక్కడ బిగువు రెండున్నర శాతం తగ్గుతుంది. అదే ఒక మిల్లీమీటరు మందంలో తీస్తే సుమారు 18 శాతం పోతుంది. పావు మిల్లీమీటరు తీసినా నాలుగున్నర శాతానికి పైగా మాయం. తోపడా ఒక్కసారి బాగా పట్టి లాగితే లేచే పొర ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు. అందుకే దాన్ని పెట్టెలో పెట్టమన్నాను. ఇకనుంచి మీ పనిముట్లు గరుకు ఆకురాయి, గాజుపెంకు, ఉప్పుకాగితం. మీ నాన్నగారి కాలంలో కుర్చీకాళ్ల నునుపు కోసం గాజుపెంకుతో గీకేవారు కదా, వింటికి అంతకంటే మంచి పనిముట్టు లేదు. కాకపోతే తొడుగు వేసుకొని పట్టుకోండి.

లోపలి వైపును చదునుగానే ఉంచండి. ఇంగ్లండు పొడుగు విండ్ల బొమ్మలు చూసి లోపలి వైపు గుండ్రంగా చెక్కే మోజు చాలామందికి ఉంది. ఆ విండ్లు యూ అనే చెట్టు కలపతో చేసినవి. బయటి వైపున సాగే గుణమున్న తెల్లచెక్క, లోపలి వైపున నలుగుడుకు తట్టుకునే చేవ, రెండూ ఒకే దుంగలో పక్కపక్కనే ఉండటం ఆ చెట్టు ప్రత్యేకత. మన ప్రాంతంలో ఆ చెట్టు పెరగదు. 1930లలో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్ వంటి ఇంజనీర్లు లెక్కలు వేసి, కొలతలు తీసి, వెడల్పాటి చదునైన బద్దే మెరుగని చూపించారు. డెన్మార్కులోని హోల్మెగార్డ్ చిత్తడినేలలో 1944లో దొరికిన ఎల్మ్ చెక్క విల్లు దాదాపు తొమ్మిది వేల ఏళ్లనాటిది. దానికీ వెడల్పాటి చదునైన బద్దలే. ఇంజనీర్లు రాకముందే ఎవరో వేటగాడు లెక్క తేల్చేశాడన్నమాట.

ఇక విల్లును వంచి చూసే ఏర్పాటు. దీనికి బద్ధకించవద్దు. చేతులతో లాగి, మెడ తిప్పి చూసుకుంటే మీకు కనిపించేది వింటి వంపు కాదు, మీ అవస్థ. గోడకు ఛాతీ ఎత్తున ఒక దిమ్మె బిగించి, దాని మీద పిడి కూర్చునేలా గాడి చేయండి. నేల దగ్గర ఒక కప్పీ బిగించండి. నారి మధ్యలో కొక్కెం తగిలించి, ఆ తాడును కప్పీ కింద నుంచి దూర్చి, గది అవతలి వైపు నుంచి మీరు లాగేలా చూసుకోండి. కొక్కేనికీ తాడుకూ మధ్య సామాను తూచే వేలాడే త్రాసు ఒకటి. 40 పౌండ్లంటే 18 కిలోలు కాబట్టి మామూలుది సరిపోతుంది. వింటి వెనక గోడ మీద అడ్డంగా, నిలువుగా రెండంగుళాలకొక సుద్దగీత గీయండి. ఫోనును ఒకేచోట, పిడికి ఎదురుగా, కదలకుండా నిలబెట్టి ప్రతి దశలోనూ ఫొటో తీయండి. తరువాత ఆ ఫొటోను తలకిందులుగా తిప్పి చూడండి. అలవాటుపడిన కన్ను దాటేసిన వంకర అప్పుడు పట్టుబడుతుంది. గది అవతలి నుంచి లాగమన్నది సౌకర్యం కోసం మాత్రమే కాదు. విరిగితే ముక్కలు ఎటు పడితే అటు ఎగురుతాయి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి, అమ్మాయిని ఆ గదిలో ఉండనివ్వకండి.

మరొక చిన్న సాధనం కూడా చేసుకోండి, పది నిమిషాల పని. అయిదు అంగుళాల పొడవున్న నున్నటి చెక్కముక్క తీసుకొని నడిమధ్యలో రంధ్రం చేసి, అందులో పెన్సిలు బిగుతుగా దూర్చండి. నారి కట్టిన వింటి లోపలి వైపు ఈ ముక్కను పెడితే రెండు కొసలూ బద్దకు ఆనుతాయి, నడుమ కొంచెం సందు ఉంటుంది. బద్ద చక్కగా వంగుతున్న చోట పెట్టి, పెన్సిలు మొన ఆ సందులో తగిలీ తగలనట్టు ఉండేలా సర్దండి. ఇప్పుడు ముక్కను బద్ద పొడవునా జరుపుతూ పోతే, వంగకుండా మొండిగా ఉన్న చోటల్లా పెన్సిలు గీత పడుతుంది. గీత పడిన చోటే గీకాలి. మడత మీద గీత పడదు, ఎందుకంటే అక్కడ సందు ఎక్కువ. అయినా మీ చేతి మీద నమ్మకం పెట్టుకోకుండా, మడతకు అటూ ఇటూ కలిపి ఆరంగుళాల మేర ఎర్ర సుద్దతో నింపేయండి. ఆ ఎరుపును పని పూర్తయ్యేదాకా ముట్టకూడదు.

ఇప్పుడు అసలు పని. నారిని పొడుగు చేసి, పిడి నుంచి దాని ఎడం మూడంగుళాలకు దించండి. పూర్తి ఎడం ఆరంగుళాలు తరువాతి మాట. మెల్లగా, మడత స్పష్టంగా కనిపించేంత వరకే లాగండి, పది అంగుళాలు కావచ్చు, పన్నెండు కావచ్చు. తప్పు కనిపించిన తరువాత ఒక్క అంగుళం కూడా ఎక్కువ లాగవద్దు. అంతకుమించి లాగిన ప్రతిసారీ ఆ బలహీనమైన చోటే భారమంతా మోసి మరింత నలుగుతుంది. మొదటి విల్లును మీరు మొదటిసారి పూర్తిగా లాగగానే విరిగిందన్నారు. ఆ “పూర్తిగా” అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. విల్లు పూర్తి లాగుడుకు రావడం చివరి మెట్టు. అక్కడికి అంగుళం అంగుళంగా రావాలి. విల్లు విరిస్తే పెళ్లయింది రాముడికొక్కడికే, మనకు వంటచెరకు మిగులుతుంది.

మడత ఉన్న బద్దలో మొదట మడతకూ కొప్పుకూ మధ్య ఉన్న భాగాన్ని పలచన చేయండి. గాజుపెంకుతో పది పన్నెండు గీకుళ్లు, ఎక్కడా ఒకచోట ఆగకుండా, పొడవాటి ఊపుతో. మడతకూ పిడికీ మధ్య ఉన్న జానెడు భాగంలోనూ కొంచెం. తరువాత రెండో బద్ద మొత్తం. మీరు వెడల్పు ఎలా ఉంచారో రాయలేదు. కొప్పుల దాకా సూటిగా సన్నబడుతూ పోయే బద్దయితే మందం అంతటా దాదాపు ఒకటే ఉండాలి, వంపు వృత్తంలో ముక్కలా రావాలి. వెడల్పు చాలా దూరం సమానంగా ఉండి చివర్లో సన్నబడేదైతే మందం పిడి నుంచి కొప్పుకు క్రమంగా తగ్గాలి, వంపు పిడి దగ్గర తక్కువగా, బయటి సగంలో ఎక్కువగా ఉండాలి. రెండింటిలోనూ కొప్పుల దగ్గర అయిదారు అంగుళాలు వంగకుండా నిలబడితేనే మంచిది. అక్కడ పెన్సిలు గీత పడితే పట్టించుకోకండి. వెడల్పును కొంత తగ్గించి కొసలను తేలిక చేస్తే బాణం వేగం పెరుగుతుంది, అది చివర్లో.

గీకిన ప్రతిసారీ, మళ్ళీ తనిఖీ చేసే ముందు, అప్పటిదాకా లాగిన దూరానికే ఇరవై ముప్పై సార్లు మెల్లగా లాగి వదలండి. వదలడమంటే చేతిలోంచి జారవిడవడం కాదు, తాడును వెనక్కి ఇవ్వడం. చెక్క తీసిన ఫలితం వెంటనే కనిపించదు, ఈ కసరత్తు తరువాతే బద్ద కొత్త వంపుకు సర్దుకుంటుంది. ఇది చేయకుండా గీకి, చూసి, “ఏమీ మారలేదే” అని మళ్ళీ గీకినవాళ్లే ఎక్కువ మంది విండ్లు పాడుచేసుకుంటారు. నేనూ చేసుకున్నాను, ఒకటి కాదు. నా మొదటి ఆరింటిలో రెండే బాణం వేశాయి.

ప్రతి విడత పని అయ్యాక నారి విప్పి, విల్లును లోపలి వైపు పైకి ఉండేలా చదునైన నేల మీద పెట్టి, రెండు కొప్పులూ నేలకు ఎంత ఎత్తున ఉన్నాయో కొలిచి రాసుకోండి. కొంచెం వంపు మిగిలిపోవడం సహజం. అంగుళం దాకా ఉంటే బాధపడనక్కర లేదు. ఏదైనా ఒక దశలో ఆ కొలత హఠాత్తుగా పెరిగితే, అక్కడ ఎక్కడో లోపలి వైపు మోయలేని భారం పడుతోందని అర్థం. ముందుకు వెళ్ళకుండా మడతను మళ్ళీ చూడండి. మడత కనిపించకుండా రెండు బద్దలూ సమంగా వంగే దాకా లాగే దూరం పెంచవద్దు. సమమయ్యాక ఒక అంగుళం పెంచండి, మళ్ళీ చూడండి, మళ్ళీ గీకండి. ఈ దారిలో ఎక్కడైనా త్రాసు మీరు కోరుకున్న బలాన్ని చూపిస్తే అక్కడే ఆగాలి. 30 పౌండ్ల విల్లు చేయాలనుకుంటే, అది 15 అంగుళాలకైనా సరే, 30 దాటించి లాగకూడదు. బలం తగ్గేలా రెండు బద్దలనూ సమంగా గీకి అప్పుడు ముందుకు వెళ్ళాలి.

మందం కొలిచే సాధనం మీ దగ్గర ఉంటుంది. వాడండి, కానీ దాని తీర్పును చివరిదిగా తీసుకోకండి. ఒకే బద్దలో ఒకచోట చెక్క గట్టిగా, మరొకచోట మెత్తగా ఉంటుంది. మందం సమానమైనంత మాత్రాన వంపు సమానం కాదు. నిజానికి బద్ద రెండు అంచులనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని పిడి నుంచి కొప్పు దాకా జారుస్తూ పోతే, కన్ను చూడని గుంటలు వేళ్లకు తెలుస్తాయి. ముడి ఉన్నచోట మాత్రం చుట్టూ కొంచెం చెక్క అదనంగా వదలాలి. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో 170కి పైగా విండ్లు దొరికాయి. వాటిలోనూ ముడుల దగ్గర కొంత చెక్కను ఉబ్బెత్తుగా వదిలేశారు. నునుపు చేయాలన్న తపన వాళ్లకు లేదు. మీకూ ఉండకూడదు.

ఇక మొదటి విల్లు ఎందుకు విరిగిందన్నది. ముక్కలు ఇంకా ఉంటే విరిగిన చోట చూడండి. పొడవైన ఏటవాలు చీలికతో, బయటి వైపు నుంచి మొదలై విరిగి ఉంటే, నార తెగిందనే అనుకోవాలి. రంపంతో కోసిన పలకలో నార అంచు దాకా వచ్చి పక్కకు దిగిపోతుంది. బల్లకు అది అందమే, వింటికి అదే మృత్యువు. ఈసారి చీల్చిన ముక్క వాడారు కాబట్టి సగం భయం లేదు. చీలిక నార వెంబడే వెళ్తుంది. మన కలపలో చాలావాటికి ఏడాది వలయాలు స్పష్టంగా కనిపించవు కనుక, బెరడు తీయగానే కనిపించే ముఖాన్నే బయటి వైపుగా ఉంచుకొని, దాని మీద పనిముట్టు పెట్టకుండా వదిలేయడం అన్నిటికంటే క్షేమం. తడ చెట్టు ఎంచుకోవడం బాగుంది. కొన్నిచోట్ల చరచి అని కూడా పిలిచే ఈ చెట్టుకు సంస్కృతంలో ధన్వనం అని పేరు. ధనుస్సు ఆ పేరులోనే ఉంది. కావళ్లకు, బండి పోలుగర్రలకు వాడిన చెక్క, వంగి లేవడం దానికి కొత్త కాదు.

ఎనిమిది నెలలు ఆరబెట్టానన్నారు. ఏ ఎనిమిది నెలలు? జూన్ నుంచి అయితే గోదావరి గాలిలోని తేమంతా అది పీల్చుకొనే ఉంటుంది. వంటింటి త్రాసు మీద విల్లును తూచి, బరువు గోడ మీదే రాయండి. వారం తరువాత మళ్ళీ తూచండి. తగ్గుతూ ఉంటే చెక్క ఇంకా పచ్చిదే. అటక మీద పెట్టి, బరువు కదలకుండా నిలిచాక పని మొదలుపెట్టండి. తేమ ఉన్న చెక్క తేలికగా వంగుతుంది, వంగినది అలాగే ఉండిపోతుంది. వాన కురుస్తున్న వారంలో వింటిని సమం చేయకపోవడం ఉత్తమం. ఆ వారంలో తేల్చిన బలం మార్చి నెలలో వేరుగా ఉంటుంది.

పరీక్షకు వాడే నారి నైలాన్‌దైతే మార్చండి. అది సాగుతుంది. మీరు పది అంగుళాలు లాగామనుకుంటారు, విల్లు అంత వంగి ఉండదు. సాగని పాలియెస్టర్ దారం పేనినది వాడండి. నారి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాగారం గురించిన చోట విండ్లకు తాటి చెక్క, వెదురు, కర్ర, కొమ్ము చెప్పి, నారికి చాగ, జిల్లేడు, జనుము, వెదురు, నరాలు వంటివి చెబుతాడు. చాగకు సంస్కృతంలో మూర్వ అని పేరు. అందుకే నారికి మౌర్వి అనే పేరు కూడా ఉంది. వెదురుతో నారి ఏమిటని ఆశ్చర్యపోకండి. భిల్లు గిరిజనుల విండ్లకు నేటికీ సన్నగా చీల్చిన వెదురు పేడే నారి. మీరు మాత్రం చాగనార కోసం గట్లు వెతకవద్దు, ముందు విల్లు సంగతి తేలనివ్వండి.

జిగురుతో మడత మీద అతుకు వేయవచ్చా, లోపలి వైపు సెగ చూపిస్తే చెక్క బిగుసుకుంటుందంటారు నిజమేనా అని మీరు తరువాతి ఉత్తరంలో అడుగుతారని తెలుసు. సెగ మాట నిజమే, కొన్ని కలపలకు బాగా పనిచేస్తుంది. అతుకు కూడా నిలబెట్టినవాళ్లు ఉన్నారు. రెండూ చేయి కుదిరాక చేయవలసినవి. బలం మరీ పడిపోతే మీ చేతిలో ఉన్న తేలికైన ఉపాయం పొడవు తగ్గించడం. వంపు పూర్తిగా సమమయ్యాక రెండు కొసల్లోనూ ముప్పావు అంగుళం చొప్పున కోసి కొత్త గాట్లు పెడితే కొన్ని పౌండ్లు పెరుగుతాయి. బద్ద మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది కాబట్టి ఇది ఒక్కసారికే. మడత ఉండగా మాత్రం కోయవద్దు. నారి బిగించి బాణం లేకుండా లాగి వదలడం ఎప్పుడూ చేయవద్దు. బాణం తీసుకోవలసిన శక్తి అంతా బద్దల్లోకే తిరిగి వస్తుంది.

40 పౌండ్లు ఎందుకు కావాలో మీరు రాయలేదు. మన జాతీయ పోటీల్లో కర్ర, వెదురు విండ్లతో ఆడే ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. దానిలో గురి 50 మీటర్లు, 30 మీటర్ల దూరాల్లో ఉంటుంది. అటువైపు చూస్తున్నారేమో. అయినా మొదటి ఏడాది 30 పౌండ్లతో ముప్పై మీటర్లకు బాణం సూటిగా పంపగలిగితే నేర్చుకోవలసినదంతా అందులోనే ఉంది. 40 పౌండ్ల విల్లు తరువాతి దుంగలో ఉంటుంది. అదే చెట్టు నుంచి మిగిలిన ముక్కలు ఉంటే ఇప్పుడే చీల్చి, కొసలకు పెయింటు పూసి, అటక మీద వరసగా పెట్టేయండి.

అమ్మాయి సంగతి. పన్నెండేళ్ల పిల్లకు మొదట్లో 15 నుంచి 20 పౌండ్లు చాలు. ఆమె లాగే దూరం కూడా 24 అంగుళాలకు మించకపోవచ్చు. ఇప్పుడు లెక్క చూడండి. 28 అంగుళాలకు 25 పౌండ్లు వచ్చే విల్లు 24 అంగుళాల దగ్గర సుమారు 20 పౌండ్లు ఉంటుంది. పైగా తక్కువ లాగితే మీరు గాయపరిచిన ఆ ఆరంగుళాలకు కూడా విశ్రాంతి. గీకుతూ గీకుతూ మీరు 25 దగ్గరకు దిగివస్తే, బాధపడుతూ కూర్చోకుండా పిడిని ఆమె చేతికి సరిపోయేలా సన్నం చేయండి.